వంటింటి బండలో సీసం

పాలవాడి కంటే ముందు ఖనిజాలు వెతికే మరమనిషి గడప తొక్కే రోజులివి. మొన్న అది మా వంటింట్లోకి వచ్చి, పొయ్యి పక్కన వంటకు కూర్చునే నాపరాతి బండ దగ్గర ఆగింది. బండలో గోరంత మేర గంధకం కలిసిన సీసం తళుక్కుమంటోంది.

"తాతా, దీని కింద గని ఉంది. రేపు వంటిల్లు తవ్వుతాను," అంది.

నా భార్య ఓబులమ్మ అట్లకాడ పక్కన పెట్టింది. "ఆ బండ మా పుట్టింటి నుంచి బండి మీద తెచ్చుకున్నది కదప్పా. దాని కింద గని యాడిది?"

"రాయి ఎక్కడుంటే గని అక్కడే, అవ్వా," అని అది వెళ్లిపోయింది. దాని మాటకు తిరుగులేదు.

ఓబులమ్మ కొంగు బిగించింది. "దానికి రాయే గుర్తయితే రాయినే జరుపుదాం పా," అంది. ఇద్దరం గడ్డపారతో బండను పెకలించి, చుక్క నీరు లేని పెరట్లో, ఎండిన నిమ్మచెట్టు పక్కన పరిచాం.

మర్నాడు మరమనిషి బండను పక్కకు తీసి అక్కడే తవ్వింది. మూడొందల అడుగుల లోతుకు పోయినా సీసం జాడ లేదు గానీ, నీళ్లు మాత్రం తాటిచెట్టంత ఎత్తు ఎగిరాయి. నమ్మకపోతే మా నిమ్మచెట్టును అడగండి, ఆ సాయంత్రమే కాయలు కాసింది.

బండ మళ్లీ పొయ్యి పక్కకు చేరిందో లేదో, పక్కింటి మద్దమ్మ వచ్చి నిలబడింది.

"అక్కా, మా చేను ఎండిపోతాంది. ఆ బండ రెండు దినాలు ఇస్తావా?"

"తీసుకుపో," అంది ఓబులమ్మ. "అందాకా నేను పొయ్యి కాడ కూచునేదానికి ఒక పీట పంపు."