ఎవరికీ రాని రంగు

కాలుష్యం పరీక్షించే ఆఫీసులో హేమలతకు ఉద్యోగం వచ్చింది. అద్దకం పని చేసే వాళ్ల నాయన ఓబులేసు ఆనందం పట్టలేక, తానే పట్టుకు రంగు వేసి కూతురికి చీర నేయించాడు.

"ఈ నేరేడు రంగు ధర్మవరంలో నాకు తప్ప ఎవురికీ రాదు పాపా. మీ సారుకు చెప్పు."

మొదటిరోజు ఆ చీరే కట్టుకుని, ఆ మాట సారుకు గొప్పగా చెప్పింది.

మధ్యాహ్నం ఆయన ఆమెను చెరువు కాలువ దగ్గరికి తీసుకెళ్లాడు. గట్టు మీద ఒకామె చచ్చిన గొర్రెల పక్కన కూర్చుని ఏడుస్తోంది.

"ఈ రంగునీళ్లు తాగే సచ్చినాయి సామీ. ఎవురు వదిలినారో కనుక్కోండి."

హేమలత వంగి సీసా నింపింది. సారు దాన్ని ఎండకెత్తి చూశాడు. తర్వాత ఆమె చీర వైపు చూశాడు.

ఆయన ఏమీ అడగలేదు. చెప్పాల్సింది ఆమె పొద్దునే చెప్పేసింది.