హిజల్‌కాందీలో చెరువు

“చెరువా? ఈ ఊళ్లోనా?” ముసలి ముసబ్బిర్ అలీ దగ్గుతూనే నవ్వాడు. “ఆరు నెలలు ఊరి చుట్టూ నీళ్లే కదా డాక్టర్ సాబ్. ఇళ్లే దిబ్బల మీద కట్టుకుంటాం. పనిగట్టుకుని చెరువెవడు తవ్వుతాడు?”

డాక్టర్ సుబిమల్ పురకాయస్థ చెప్పులు చేత్తో పట్టుకుని మోకాలి లోతు బురదలో నిలబడ్డాడు. అస్సాంలోని సిల్చార్‌లో బయల్దేరి రెండు రోజులైంది. బస్సు, బంగ్లాదేశ్ సరిహద్దు, మళ్లీ బస్సు, చివర పడవ. యాభై ఏళ్ల ఒళ్లు ఎక్కడికక్కడ పట్టేసింది.

పదకొండు రాతిమెట్ల చెరువు, గట్టున పోకచెట్ల వరస, మెట్ల మీద కూర్చుని చేపలు కడిగే మేనత్త, దేశం రెండైన ఏడు తాళం వేయకుండా వదిలేసి వచ్చిన పెద్ద ఇల్లు. అన్నీ అమ్మ చెప్పినవే. రోగికీ రోగికీ మధ్య దొరికిన సందులో, మందుచీటీల వెనక అతను రాసుకున్న కవితలన్నీ ఆ చెరువు చుట్టూనే తిరిగాయి. మూడు పుస్తకాలయ్యాయి. వాటిని చదివి శరణార్థుల కాలనీలో ముసలివాళ్లు కళ్లు ఒత్తుకునేవారు.

ఇన్నేళ్లలో అమ్మ ఎప్పుడూ ఆ ఊరు వెళ్లమనలేదు. గుండె నీరసించి మంచం పట్టాక మాత్రం ఒకటే పోరు. ఒక్కసారి వెళ్లి, నీ కళ్లతో చూసొచ్చి చెప్పమంది.

హిజల్‌కాందీ పేరుతో ఇంకో ఊరుందా అని సుబిమల్ అడిగాడు. లేదన్నాడు ముసలాయన. సుబిమల్ అమ్మ వాళ్ల నాన్న పేరు చెప్పాడు.

“గోపేశ్ దత్తా? అదిగో, ఆ దిబ్బ మీదే ఉండేవాడు. వెదురు తడికెల గుడిసె. ఆ మొగుడూ పెళ్లాం పడవెక్కిన రోజు నేను గట్టునే ఉన్నా. చిన్నపిల్లాణ్ణి.”

దిబ్బ మీద ఇప్పుడు ఆవులు కట్టేసి ఉన్నాయి. సుబిమల్ దిబ్బెక్కి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. తరవాత అలవాటు కొద్దీ ముసలాయన ఛాతీకి స్టెతస్కోపు ఆనించి, దగ్గుకు మందు రాసిచ్చి పడవెక్కాడు.

దారంతా ఒకటే ఆలోచన. చిన్నతనంలో చూసింది అమ్మ మనసులో పెరిగి పెద్దదై ఉంటుంది. గుడిసె మేడయింది. వాననీటి మడుగు చెరువైంది. మరి మూడు పుస్తకాలు? పాతికేళ్లుగా ఏ రోగికీ ఉన్నది దాచి చెప్పింది లేదు. అమ్మకూ ఉన్నదే చెప్పాలనుకున్నాడు.

ఇంటికి చేరేసరికి ఆమె దిండ్లకు ఆనుకుని గుమ్మం వైపే చూస్తోంది. రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదని ఆయా గొణిగింది.

“చూశావా, ఖోకన్?” అంది అమ్మ, చిన్నప్పటి ముద్దుపేరుతో.

ఆ గొంతు విన్నాక, దారంతా కూడగట్టుకున్న మాట అతని నోట రాలేదు. చూశానన్నాడు. మెట్లకు నాచు పట్టిందన్నాడు, పోకచెట్లు బాగా ఎత్తు పెరిగాయన్నాడు. నీళ్లమీద తామరాకులు పరిచినట్టున్నాయన్నాడు. అలసిపోయిన గొంతులోంచి కొత్త కవిత దానంతటదే వచ్చినట్టు వచ్చాయి అబద్ధాలు.

“మెట్లు రాతివేనా?”

“రాతివే.”

“ఎన్ని?”

“పదకొండు. నువ్వు చెప్పినన్నే.”

ఆమె కళ్లు మూసుకుంది. కణతల మీదుగా నీళ్లు కారి దిండు తడిసింది. కాసేపటికి తేలిగ్గా ఊపిరి వదిలింది.

“అయితే మా అమ్మ నాకు అబద్ధం చెప్పలేదన్నమాట.”

సుబిమల్‌కు అర్థం కాలేదు. ఆమె చెయ్యి పట్టుకుని, అమ్మమ్మ చెప్పడమేమిటి, అదంతా నువ్వు చూసిందే కదా అని అడిగాడు.

“నేను పుట్టింది ఇక్కడి శరణార్థుల శిబిరంలోరా, ఖోకన్.”