సగానికి తగ్గిన పాట

"కాలేజీ వాళ్లు ఒప్పుకున్నారు!"

ఫోను చెవి నుంచి తీయకుండానే ఇంతియాజ్ నంద్యాల అద్దె గదిలో గిర్రున తిరిగాడు. తను ఊరూరా తిరిగి రికార్డు చేసిన వరినాట్ల పాటలన్నీ కాలేజీ లైబ్రరీ కంప్యూటర్లో పెడతారట.

ఒకటే మెలిక. వాళ్లిచ్చిన చోటులోనే అన్నీ పట్టాలి.

అతని కొత్త పెళ్లికూతురు నాజ్నీన్‌కి ఇంతకన్నా సరదా పని ఏముంది? గోరింటాకు ఇంకా వదలని వేళ్లతో కీబోర్డు ముందు కూర్చుంది. డిస్కులో ఫైళ్లను కుదించే పద్ధతులు రెండింటిని పోల్చసాగింది. ఒకటి చకచకా కుదిస్తుంది కానీ తగ్గించేది కొంచెమే. ఇంకోటి నిదానం, గట్టిగా బిగిస్తుంది. రెండింట్లోనూ పాటలో ఒక్క పలుకూ పోదు.

ఇంతియాజ్ కుదురుగా నిలబడలేకపోయాడు.

"అయిందా?"

"నువ్వు నా నెత్తిన నిలబడుకుంటే తొందరగా అయితాదా?"

నిదానం పద్ధతే గెలిచింది. అయినా చోటు కాస్త చాల్లేదు.

"ఒక పాట తీసేద్దాం. ఆళ్లగడ్డ అవ్వది," అన్నాడు ఇంతియాజ్.

"ఏ అవ్వ?"

"కమలాక్షమ్మ అంట. అందరూ గుంపుగా పాడినారు, ఈమె ఒక్కతే వచ్చి మైకు ముందు కూచునింది. ఒక మాట పాడేది, ఆగేది. ఆగుతాండావేందవ్వా అంటే 'అది నాది కాదు నాయనా' అనింది. పాట మర్చిపోయిందిలే. టైము పోతాందని లేపేసినా."

"టీ అయినా ఇచ్చినావా?"

అతను కిటికీ రెక్క సర్దసాగాడు.

"మీ జేజి పాటలోనూ ఖాళీలే గదప్పా?"

ఇంతియాజ్ ముఖం చిన్నబోయింది. జేజి ఫాతిమున్నీసా, అతని నాయనమ్మ, వయసులో ఉండగా ఆళ్లగడ్డ పొలాల్లో నాట్లేసిన మనిషి. పోయే ముందు మంచం మీదే పాడించి రికార్డు చేశాడు. మాటమాటకీ ఆగేది. ఆగినప్పుడల్లా పక్కకు చూసేది. మతిమరుపని ఇంట్లో అందరూ జాలిపడ్డారు.

"జేజిది నేను తీయలేను."

"తీయొద్దులే. ఇది చూడు. మిగతా పాటలన్నీ కొంచెమే తగ్గినాయి. ఈ రెండే సగానికి తగ్గినాయి."

"ఖాళీ ఉంటే బాగా తగ్గుతాది. అందులో వింతేముంది?"

"ఇద్దరికీ అంతే ఖాళీ ఎట్లొచ్చింది?"

నాజ్నీన్ రెండు పాటలనూ తెర మీద గీతలుగా ఒకదాని కింద ఒకటి పరిచింది. జేజి గొంతు గీతలు లేచిన చోట అవ్వది చదునుగా ఉంది. అవ్వది లేచిన చోట జేజిది చదును.

రెండూ కలిపి వినిపించింది.

"నల్లమబ్బు యాడికి పోతాందే వదినా?" జేజి అడిగింది.

"నాటేసిన చేతుల్ని ఎతుక్కుంటా వస్తాందే వదినా," అవ్వ అందుకుంది.

పాట చివరిదాకా ఎక్కడా ఆగలేదు.

ఇంతియాజ్ కుర్చీ లాక్కుని కూర్చుని, పాటను మళ్లీ మొదటినుంచి పెట్టాడు.

"చోటు సంగతి కాలేజీ వాళ్లను నేనడుగుతా," అన్నాడు. "రేపు తొలి బస్సుకే ఆళ్లగడ్డ పోదాం. జేజి పాడేది ఆపి చూసింది ఆ యమ్మ కోసమే."