నెమ్మదమ్మ ఫోను

స్టూడియోలో ఫోను మోగింది. గడియారం ఆరూ ముప్పై తొమ్మిది చూపిస్తోంది.

"అక్కా, నెమ్మదమ్మ," అంది మీటల ముందు కూర్చున్న క్లాస్‌మేట్, రిసీవర్‌కు చెయ్యి అడ్డం పెట్టి.

వార్తలు చదివి లేచిన ఆమె అప్పటికే సంచీ భుజానికి తగిలించుకుంది. ఆరూ నలభై అయిదుకు బస్సు. అది పోతే మళ్ళీ ఏడుంబావుకే. పాపను ఉంచే క్రెష్ ఏడింటికి మూసేస్తారు.

"లేనని చెప్పవే."

"ఇప్పుడేగా వార్తలు చదివావు. గాల్లో కలిసిపోయావని చెప్పనా?"

అది యూనివర్సిటీ రేడియో. నాలుగు కిలోమీటర్లు దాటితే గరగర తప్ప ఏమీ వినిపించదు. జర్నలిజం విద్యార్థులు రోజూ ఆరున్నరకు పది నిమిషాలు వార్తలు చదవాలి. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఈ టర్మంతా ఆమె వంతు. ఎవరైనా ఫోన్ చేస్తే చదివినవాళ్ళే మాట్లాడి, రిజిస్టర్లో పేరూ చిరునామా రాయాలని మేడమ్ పెట్టిన రూలు.

ఫోన్ చేసేది ఒక్కరే. చెప్పేదీ ఒక్కటే, నెమ్మదిగా చదవమని. అందుకే ఆ పేరు.

నిట్టూర్చి రిసీవర్ అందుకుంది.

"చెప్పండమ్మా."

"ఇవాళ మరీ పరుగెత్తావు తల్లీ. నీళ్ళ ట్యాంకు వార్త దాకా వచ్చాం, ఆపైన ఒక్కటీ చిక్కలేదు. కాస్త ఆగి ఆగి చదవకూడదూ?"

"పది నిమిషాల్లో అయిపోవాలండీ."

"పదీ చదివితే చాలమ్మా. నువ్వు ఎనిమిదికే ముగిస్తున్నావు."

ఆమెకు ఒళ్ళు మండింది. నిన్న ఇలాగే మాటల్లో పడి బస్సు తప్పింది. 'ఇంకోసారి ఏడు దాటితే పాపకు వేరే చోటు చూసుకోమ్మా, నాకూ ఇల్లుంది,' అని క్రెష్ ఆయమ్మ మొహం మీదే చెప్పేసింది. వేరే చోటు లేదు. పాప ఇంట్లో ఉంటే తనూ ఇంట్లోనే. ఇంటర్‌తో ఆగిన చదువు, ఏడేళ్ళు అందరినీ బతిమాలితే మళ్ళీ మొదలైంది. ఈసారి ఆగితే ఇక లేవదు.

"చూడండమ్మా, నా పాపకు రెండేళ్ళు. నేను బస్సు తప్పితే అది తాళం వేసిన గేటు ముందు నిలబడి ఏడుస్తుంది. మీకు తీరుబడి ఉందని నాకూ ఉంటుందా? వినబడకపోతే చెవుల డాక్టరుకు చూపించుకోండి."



"పాప ఉందా నీకు," అంది అవతలి గొంతు. "తెలీలేదమ్మా. వెళ్ళు, వెళ్ళు. వేగంగానే చదువుకో."

మర్నాటి నుంచి ఫోను మోగలేదు.

"పీడ వదిలింది కదక్కా," అంది క్లాస్‌మేట్.

"వదిలింది," అంది ఆమె.

వార్తలు ఏడున్నర నిమిషాలకు దిగాయి. బస్సు ఒక్కరోజూ తప్పలేదు. పాప గేటు దగ్గర నిలబడలేదు. సంచీ తగిలించుకుంటున్నప్పుడు మాత్రం, ఎందుకో, ఆమె చూపు ఒకసారి ఫోను మీదికి వెళ్ళొచ్చేది.

టర్మ్ చివర్లో మేడమ్ రిజిస్టర్ తెరిచింది.

"ఇరవై మూడు ఫోన్లు. ఇరవై మూడూ ఒకే ఇంటి నుంచి. మన శ్రోతలంతా కలిపి ఈవిడే అన్నమాట. ఉన్నట్టుండి ఎందుకు మానేసింది?"

"తెలీదు మేడమ్."

"వెళ్ళి కనుక్కో. నీ శ్రోతల సర్వే ప్రాజెక్టు అదే అనుకో."

ఆదివారం సాయంత్రం పాపను భర్తకు అప్పగించి వెళ్ళింది. మూడంతస్తులు ఎక్కేసరికి కాళ్ళు పీకాయి. నలభై ఏళ్ళావిడ తడిచేతులు తుడుచుకుంటూ తలుపు తీసింది.

"యూనివర్సిటీ రేడియో నుంచి వచ్చానండీ. మీ అమ్మగారిని..."

"అమ్మ పోయి పన్నెండు రోజులైందండీ. రండి, కూర్చోండి."

'మీరు రోజుకు ఎంతసేపు వింటారు?' అన్న ప్రశ్నతో మొదలయ్యే కాగితాన్ని ఆమె మడిచి సంచీలో పెట్టేసింది.

కిటికీ పక్క కుర్చీలో ఓ ముసలాయన ఉన్నాడు. అడుగుల చప్పుడుకు తల తిప్పలేదు. ఆయన ఎడమచెయ్యి బల్ల మీది రేడియోపై ఆనించి ఉంది. ఆరున్నర కాగానే కూతురు రేడియో పెట్టింది. ఎవరో జూనియర్, వెనక ఎవరో తరుముతున్నట్టు వార్తలు మొదలుపెట్టాడు.

రేడియో అదురు చేతికి తగలగానే ముసలాయన కుడి అరచెయ్యి తెరిచి చాపాడు.

"నాన్నకు చూపూ వినికిడీ పోయి ఎనిమిదేళ్ళు," అంది కూతురు. "అచ్చాఫీసులో అక్షరాలు పేర్చేవాడు. అమ్మ మీ వార్తలు వింటూ ఆయన అరచేతిలో వేలితో రాసేది. ఒక్కో అక్షరం. ఆయన పైకి చదివేవాడు."

ఆమె ముసలాయన చాపిన అరచేతి వైపు చూసింది.

"మరి... ఆవిడ ఫోన్ చెయ్యడం మానేశారే?"

"ఏమోనండీ. వార్తలమ్మాయి తొందరగా చదివితే అందినంత రాసేది, అందనిది సొంతంగా కల్పించేది. మీ వార్తల్లోని నీళ్ళ ట్యాంకును మా అమ్మ నాన్న అరచేతిలో మూడుసార్లు ప్రారంభించింది." కూతురు నవ్వబోయి ఆగిపోయింది. "నాకంత ఓపిక లేదు. డ్యూటీ నుంచి వచ్చేసరికే నడుం పడిపోతుంది."

ముసలాయన అరచెయ్యి కదిపాడు.

"అన్నీ వద్దులే అమ్మా. ఆఖరిదొక్కటి రాయి."

"ఆఖరిదా?" అంది ఆమె.

"అమ్మ ఈమధ్య రోజూ దాంతోనే ముగించేదండీ. నిజం వార్తో, అమ్మ అల్లిందో నాకూ తెలీదు."

కూతురు కిందికి వంగి వేలితో రాయసాగింది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ ముసలాయన పైకి చదివాడు.

"వార్తలమ్మాయికి... బస్సు... అందింది. పాప... నవ్వుతోంది."