వెనక్కి తిరిగి చూడని గోసెలిన్

ఐస్ హాకీ ఆటలో అవతలి జట్టువాళ్లు ఇద్దరు పక్‌తో, ఆ రబ్బరు బిళ్లతో, దూసుకొస్తున్నారు. అడ్డం లోర్న్ డిక్ ఒక్కడే ఉన్నాడు. పక్కన ఉండాల్సిన జోడీ గోసెలిన్ ఎక్కడో అవతలి గోల్ వెనకాల చిక్కుకుపోయాడు. లోర్న్ మంచు మీద అడ్డంగా పడుకుని స్టిక్ చాపాడు. పక్ దాని మీదుగా ఎగిరి రెండోవాడికి అందింది. గోల్ పడింది. జట్టు సొంత ఊరైన సాస్కటూన్ జనం లేచి నిలబడి తిట్టారు. తిట్లన్నీ మంచు మీద పడి ఉన్నవాడికే.

ఆట ఓడిపోయాక గోసెలిన్ వచ్చి పక్కన బల్ల మీద కూలబడ్డాడు.

"దెబ్బ గట్టిగా తగిలిందా అన్నా?"

"తగిలింది. నువ్వక్కడ ఉంటే నీక్కూడా తగిలేది."

గోసెలిన్ నవ్వేశాడు. "వెనక నువ్వున్నావుగా. నాకేం దిగులు?"

చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. లోర్న్ తల వంచుకుని స్కేట్ల తాళ్లు విప్పుకున్నాడు. ఒళ్లు మండిపోతోంది. తనొక కాపలావాడు, ఆయనగారొక దొర.

జులైలో గోసెలిన్‌ని ఏడేళ్ల ఒప్పందం మీద తెచ్చుకున్నప్పుడు ఊరు ఊరంతా పండగ చేసుకుంది. ఆడేది రక్షణలోనే అయినా అతని చూపంతా ముందుకే. పక్ చేతికందితే చాలు, అవతలి గోల్ దాకా వెళ్లి గానీ ఆగడు. అదే వారంలో లోర్న్‌కి కూడా ఇంకో ఏడాది పొడిగించారు. ముప్పై ఆరేళ్ల వయసులో తనని ఇంకా కావాలనుకున్నారని అతను ఎంత పొంగిపోయాడో చెప్పలేం. తీరా డిసెంబరు వచ్చేసరికి ఆ సంతోషమంతా నీరుగారిపోయింది. తమ జట్టు మీద గోల్ పడితే మంచు మీద ఉన్న ప్రతివాడికీ ఒక మైనస్, తాము కొడితే ఒక ప్లస్ రాస్తారు. గోసెలిన్ కొట్టే గోల్సేమో ఎక్కువగా అవతలి జట్టులో ఒకడు తప్పు చేసి శిక్షగా బయట కూర్చున్నప్పుడు వచ్చేవి. అప్పుడు లోర్న్ బెంచీ మీద ఉంటాడు, పైగా ఆ గోల్స్ ఈ లెక్కలోకి రావు. ఆ లెక్కలో జట్టు మొత్తం మీద అందరికన్నా అడుగున ఉన్నది లోర్న్ డిక్.

మర్నాడు పొద్దున మేనేజర్ పిలిపించాడు. భార్య వెర్నా ఆస్పత్రి డ్యూటీకి వెళ్తూ కారులో దింపింది. ఇంజన్ ఆపకుండానే అతని వైపు తిరిగింది.

"గోసెలిన్ సంగతి ఇవాళ చెప్పేయ్."

"తోటివాడి మీద మేనేజర్ దగ్గర చెప్పకూడదు వెర్నా. మా ఆటలో అంతకన్నా సిగ్గుమాలిన పని లేదు."

"నోరు మూసుకుని కూర్చుంటే నిన్నే పంపించేస్తారు. నీ వెంట ఎన్ని ఊళ్లు తిరిగాను? ఇన్నాళ్లకి ఇక్కడ పర్మినెంట్ నర్సునయ్యాను. మళ్లీ పెట్టెలు సర్దడం నా వల్ల కాదు. నువ్వెళ్తే ఈసారి ఒంటరిగానే వెళ్లాలి."

ఆమె గొంతులో కోపం లేదు. అందుకే అతనికి భయం వేసింది.

మేనేజర్ ఒలీనిక్ గదిలో గోడకున్న తెర మీద నిన్నటి ఆట ఆగి ఉంది.

"రా, కూర్చో. గోసెలిన్ సంగతి చెప్పు. అంత పోసి తెచ్చాం, ఏం ఒరిగిందని యజమానులు నన్ను నిలదీస్తున్నారు."

"మంచి ఆటగాడండీ."

"ఆ ముక్క పేపరువాళ్లకి చెప్పు. అతని పక్కన ఆడేది నువ్వు. నాకు నిజం కావాలి."

లోర్న్ మొదలుపెట్టాడు, ఇక ఆగలేకపోయాడు.

"ముందుకెళ్లడం తప్ప వెనక్కి రావడం తెలీదండీ అతనికి. వాళ్లు పక్ లాక్కున్నా నింపాదిగా వస్తాడు. పోనీ వెళ్లే ముందు నేనెక్కడున్నానో చూస్తాడా అంటే అదీ లేదు. ఒక్కసారి కూడా వెనక్కి తల తిప్పడు. నేను బతికున్నానో చచ్చానో అతనికి అక్కర్లేదు."

ఒలీనిక్ వీడియో కదిలించాడు. తెర మీద గోసెలిన్ పక్ అందుకున్నాడు. కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. వెనక్కి చూడకుండా దూసుకెళ్లిపోయాడు.

"నిజమే. చూడడు," అన్నాడు ఒలీనిక్. "అయితే ఏం చెయ్యమంటావ్?"

"మమ్మల్ని విడదీయండి. కాళ్లలో వేగం ఉన్నవాణ్నెవర్నైనా అతనికి జోడీగా పెట్టండి. నేను ఇంకెవరి పక్కనైనా ఆడతాను."

"బాగా ఆలోచించే అంటున్నావా?"

"ఆలోచించే అంటున్నాను. అతని పక్కన ఇక నా వల్ల కాదు."

ఒలీనిక్ కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"సరే, విడదీస్తాను. నువ్వు రేపు కింది జట్టుకి బయల్దేరు."

ఆ జట్టుండే ఊరు కారులో రోజంతా ప్రయాణం. లోర్న్‌కి వెర్నా మొహం కళ్లముందు మెదిలింది.

"సరిగ్గా ఆడనిది అతనైతే పోవాల్సింది నేనా?"

"అతనికి ఏడేళ్లు సంతకం పెట్టాం, కదిలించలేం. ఇంకెవరి పక్కనా నీకు చోటు లేదు లోర్న్. దాపరికం ఎందుకు, జూన్‌లోనే నిన్ను వదిలేద్దామని తేల్చేసుకున్నాం."

ఇన్నాళ్లూ లోర్న్ ఆ ఒక్క ఏడాదినీ తన ఆటకి దక్కిన గౌరవమనుకున్నాడు. ఆ మిగిలిన కాస్తా పోయింది.

"మరి జులైలో ఎందుకు ఉంచారు?"

ఒలీనిక్ తెర వైపు చూశాడు.

"గోసెలిన్‌కి మనకన్నా ఎక్కువ డబ్బిస్తామన్న ఊళ్లు చాలా ఉన్నాయి."

"దానికీ నాకూ ఏమిటండీ సంబంధం?"

"నువ్వుంటేనే వస్తానన్నాడు."