అమ్మ మిషను మీద సుత్తి దెబ్బలు

ఆ ఉదయం మబ్బు కురుస్తానని బెదిరించి, కురవకుండా మూతి ముడుచుకు కూచుంది. మిషనక్క మొహమూ అలాగే ఉంది. కొట్టు తలుపు సగమే తెరిచి, బల్ల మీద గోనెపట్టా పరిచి, దాని మీద తల్లి చేతి మిషన్ను వెల్లకిలా పడుకోబెట్టింది.

కుట్టు మిషన్లు బాగుచేసే ఆడమనిషి ఆ చుట్టుపక్కల ఆవిడొక్కతే. అందుకే చిన్నాపెద్దా అందరికీ మిషనక్క. ఎన్ని మిషన్ల పొట్టలు విప్పిందో లెక్కలేదు గానీ, ఒకదాన్ని విప్పడానికి చెయ్యి రాకపోవడం ఇదే మొదలు.

అంతకు ముందురోజు తమ్ముడింటికి వెళ్ళింది, అక్కడే ఉంటున్న తల్లికి కుట్టమని ఇచ్చిన దిండు గలీబులు తెచ్చుకుందామని. గలీబులు ముట్టుకోనైనా లేదు. తల్లి ముసుగు తన్ని పడుకుని ఉంది. మిషను పెరటి కొట్టంలో, కట్టెల వెనక, గోనె కింద దొరికింది. ఎవరికీ చెప్పకుండా ఎత్తుకొచ్చేసింది.

తెల్లారేసరికి తమ్ముడు వెనకాలే దిగాడు.

“అక్కా, ఎప్పటిదో పాతది. పాతబడి విరిగింది. దానికింత రాద్ధాంతం ఎందుకు?”

“పాతబడితే అరుగుతుందిరా. ఇది పగిలింది. ఆ తేడా తెలియకుండానే కొట్టు నడుపుతున్నానా? ఇదిగో చూడు.” చక్రం అంచు మీద వేలు పెట్టింది. “సుత్తి. ఇక్కడా సుత్తే. పిడి ఊడిపోలేదు, విరగ్గొట్టారు. పోత ఇనుము ఊరికే విరుగుతుందా? నీ పెళ్ళాం పనేగా?”

“దాన్నెందుకు అంటావక్కా...”

“మరి నువ్వా? నీకు గోడకి మేకు కొట్టడమే రాదు.”

తమ్ముడికి నవ్వు రాబోయి ఆగిపోయింది.

“పైగా ఎంత తెలివో! కొట్టే ముందు సూదినీ, దారపు షటిల్నీ తీసి, నూనె గుడ్డలో చుట్టి పక్కన దాచింది. విడిగా అమ్ముకుందామని కాబోలు.”

“పోనీ, అమ్మనే అడుగు.”

“అమ్మనేం అడగను? నోట్లో నాలుక లేని మనిషి. ఎవరేం తెచ్చి పడేసినా కాదనకుండా కుట్టింది. కోడలు కొంపకు నిప్పు పెట్టినా నోరెత్తదు.”

తమ్ముడు నేలచూపులు చూస్తూ వచ్చిన దారినే పోయాడు.

మిషనక్క వేరే పనులన్నీ పక్కన పెట్టేసింది. తుప్పు పట్టిన చోటల్లా కిరోసిన్ పోసి నానబెట్టింది. పళ్ళచక్రాల సందుల్లో జిగురులా గడ్డకట్టిన పాత నూనెను పుల్లతో గీకింది. పిడిని ఇత్తడితో అతికించి, అతుకు కనబడకుండా ఆకురాయితో రుద్దింది. చక్రం సొట్టలు పూర్తిగా పోలేదు. వాటి మీద రంగు వేస్తున్నంతసేపూ మరదల్ని తిడుతూనే ఉంది.

ఈ పిడి తిప్పే కదా అమ్మ ఇద్దరినీ సాకింది! తిప్పీ తిప్పీ ఆవిడ కుడి భుజం ఎడమదానికన్నా కిందికి జారిపోయింది. చిన్నప్పుడు ఆ టకటకలే మిషనక్కకు జోల. చప్పుడు ఆగితే ఉలిక్కిపడి లేచి, “కుట్టమ్మా” అని మారాం చేసేదట. అలాంటి మిషను మీద సుత్తి ఎత్తడానికి చేతులెలా వచ్చాయి? అది అమ్మ నెత్తిన కొట్టడం కాదూ?

పని పూర్తయ్యాక మిషన్ను ఎత్తుకుని తమ్ముడింటికి బయల్దేరింది. చేతినిండా పని ఉంటే తల్లి కోలుకుంటుందని, వెంట పరదాల గుడ్డ కూడా ఒక మూట కట్టింది.

మరదలు తలుపు తీసి, మిషన్ను చూసి కొయ్యబారిపోయింది.

“వదినా, దాన్ని అలాగే వదిలేయకపోయారా?”

“ఎందుకు? నీ బండారం బయటపడుతుందనా?”

“అత్తయ్యకి ఇక ఓపిక లేదు వదినా.”

“ఆవిడకి ఓపిక లేదా, మీ ఇంట్లో చోటు లేదా? మొగుడి మీద కోపముంటే మొగుణ్ణి కొట్టు. అమ్మ మిషను నిన్నేం చేసింది?”

మరదలు నోరు తెరిచింది. అత్తగారి గది వైపు చూసి మళ్ళీ మూసేసుకుంది. కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి పోయింది. ఆ చూపు చాలనుకుంది మిషనక్క. తప్పు లేనివాళ్ళయితే మాట్లాడరూ?

తల్లి గదిలోంచి వచ్చి గోడవార కూచుంది. మిషనక్క మిషన్ను ఆవిడ ముందు పెట్టి పిడి తిప్పింది. వెన్నలో వేలు తిప్పినట్టు తిరిగింది.

“చూశావా అమ్మా! ఇంకో నలభై ఏళ్ళు కుట్టుకోవచ్చు.”

తల్లి కుడి చేతిని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుంది.

“భయపడకు. ఇక ఈ కొంపలో ఉండక్కర్లేదు. అన్నం తిని సామాను సర్దుకో. నిన్నూ, దీన్నీ కలిపి నా ఇంటికి తీసుకుపోతా. ఈ మహాతల్లి చేతి కూడు ఇదే ఆఖరు.”

“అక్కా!” అన్నాడు గుమ్మంలో నిలబడ్డ తమ్ముడు.

“నువ్వు నోర్ముయ్యి.”

ఆ మహాతల్లే ముగ్గురికీ వడ్డించి, తనూ ఒక చివర కూచుంది. మంచినీళ్ళు కావాలన్నా గ్లాసు చూపించారే తప్ప నోరు విప్పలేదు. మిషనక్క ముద్దలు కోపంగా మింగింది. తమ్ముడు కంచంలో గీతలు గీశాడు. కోడలి కంచంలో మెతుకు కదల్లేదు. తల్లి దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత పరదాల మూట వైపు చూసింది. ఆ తర్వాత కూతురి వైపు తిరిగి, చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది.

“దాన్ని పగలగొట్టేసరికే నాకు తలప్రాణం తోకకొచ్చిందే” అంది.