మంచు కింద దుంపలు

"ఏయ్ ముసలమ్మా! ఎవర్నడిగి తవ్వుతున్నావిక్కడ?"

వింకో కేకకు ఆల్ప్స్ కొండవాలంతా మోగింది.

తేనెపెట్టెల కొట్టం ముందు గడ్డిలో మోకరిల్లి ఉన్న ముసలమ్మ తలెత్తింది. చేతిలో మట్టి, పక్కన గోనెసంచి.

"తవ్వి తీసుకుపోవడం లేదు బాబూ, పాతిపెడుతున్నా. క్రోకస్ పూల దుంపలు. మంచు కరగ్గానే పూస్తాయి. ఆకలితో బయటికొచ్చే తేనెటీగలకి అప్పుడింకేం దొరుకుతుంది?"

"నా ఈగలకి నేను పంచదార పాకం పెట్టుకుంటాలే. నీ దానధర్మాలు అక్కర్లేదు."

వింకో ఈ మధ్యే ఊరికి వచ్చాడు. ఉన్న ఆవులన్నీ అమ్మి, పెట్టెలతో సహా ఈ కొట్టాన్ని పట్నం దళారి దగ్గర కొన్నాడు. ఈగలు చస్తే అతనికి చిప్పే గతి.

ముసలమ్మ కష్టం మీద లేచింది.

"ఎలుగుబంటి బొమ్మ వేసిన ఆ పెట్టెలో ఉన్నవి కోపిష్టి ఈగలు బాబూ. మెల్లగా తెరువు."

"నా పెట్టెల సంగతి నాకే చెబుతున్నావా? తాతకు దగ్గులు నేర్పినట్టుంది!"

సంచి లాక్కుని వాగులోకి విసిరేశాడు. ఆమె ఆ పెట్టెల వైపు ఒకసారి చూసి, కొండ దిగి వెళ్లిపోయింది.

ఆ ఏడు చలి పోనంటే పోనంది. ఫిబ్రవరిలో పాకం అయిపోయింది. దారి మంచుతో మూసుకుపోయింది. వింకో పెట్టెలకు చెవి ఆనించి వినేవాడు. సగం పెట్టెల్లో చప్పుడే లేదు. అతనికి ఏడుపొచ్చింది.

చివరికి ఒక పొద్దున ఎండ కాసింది. గడ్డిలో అక్కడక్కడా ఊదారంగు పూలు. సంచి లాక్కునే లోపే ఆమె పాతేసిన దుంపలవి. మిగిలిన ఈగలన్నీ వాటి మీదే ముసిరి ఉన్నాయి.

వింకో సిగ్గుతో చచ్చిపోయాడు. తేనె సీసా పట్టుకుని ఊళ్లోకి పరుగెత్తాడు.

చర్చిలో గంట కొట్టే లోయ్జె తాత దారిలోనే ఎదురయ్యాడు.

"తాతా, ఆ దుంపల ముసలమ్మ ఇల్లెక్కడ?"

"మన నేజా ఇల్లా? రాత్రే పోయిందయ్యా పాపం. నీ దగ్గరికే వస్తున్నా."

"నా దగ్గరికెందుకు? ఆమె నాకేమవుతుందని?"

"నీకేం కాదులే. మా ఊళ్లో చావు కబురు తేనెటీగలకీ చెప్పాలి. పద."

కొట్టం ముందు లోయ్జె తాత టోపీ తీశాడు. వింకో వైపు చూడనైనా లేదు.

బతికున్న పెట్టెలనూ, చచ్చినవాటినీ ఒక్కొక్కటే వేలితో తట్టుకుంటూ వచ్చి, ఎలుగుబంటి బొమ్మ పెట్టె దగ్గర వంగి, "కోప్పడకండి తల్లులారా, మిమ్మల్ని ఇన్నేళ్లూ పెంచిన మీ అమ్మ పోయింది" అని చెప్పాడు.